కట్టేస్తే మెలకువ: నిద్రకు ముందు వినే సంగీతంపై ఆధారాలు ఏమంటున్నాయి

మా నాన్న తలగడ పక్కన ట్రాన్సిస్టరు పెట్టుకుని పడుకునేవారు. శనివారం రాత్రి ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వస్తుంటే, ఆలాపన పూర్తికాకముందే గురక మొదలయ్యేది. పడుకున్నారు కదా అని నేను వెళ్లి చక్రం తిప్పి టక్కున కట్టేస్తే, మరుక్షణం కళ్లు తెరిచి "వింటున్నాగా, ఎందుకు కట్టేశావురా?" అనేవారు. ఆయన కావాలనే అబద్ధమాడుతున్నారని చాలా ఏళ్లు అనుకున్నాను. నిద్ర మీదా శబ్దం మీదా వచ్చిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాక, ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయని అర్థమైంది. గురకపెడుతున్న మనిషి తాను మెలకువగానే ఉన్నానని ఎలా నమ్ముతాడు? శబ్దం మోగుతుంటే లేవనివాడు, అది ఆగిపోతే ఎందుకు లేస్తాడు? పాటలు వింటే నిద్రపడుతుందా అని అడిగేవాళ్లందరూ తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరికే వస్తారు.

అలవాటు మాత్రం చాలామందికి ఉంది. 2018లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక సర్వేలో 651 మంది జవాబిస్తే, 62 శాతం మంది నిద్ర కోసం ఏదో ఒక సందర్భంలో సంగీతం వింటామన్నారు. ఈ 62 శాతాన్ని లోకానికంతటికీ వర్తింపజేయకూడదు. సంగీతం మీద సర్వే అనగానే జవాబిచ్చేవాళ్లలో సంగీతప్రియులే ఎక్కువగా ఉంటారు. వాళ్లు చెప్పిన కారణాలు అంతకంటే పనికొస్తాయి. పాట మనసును నెమ్మదింపజేస్తుందన్నవాళ్లు కొందరు. బయటి చప్పుళ్లనూ తలలో తిరిగే ఆలోచనలనూ అది కప్పేస్తుందన్నవాళ్లు కొందరు. అది లేకపోతే పడుకున్నట్టే ఉండదన్నవాళ్లు మరికొందరు. ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. చాలా ప్రయోగాలు వీటిని విడదీయకుండా కలిపే కొలిచాయి.

ఏ పాటలు వింటారన్నదీ అనుకున్నంత సులువుగా తేలలేదు. స్పాటిఫైలో నిద్ర కోసమని జనం కూర్చుకున్న 985 ప్లేలిస్టుల్లోని 2,25,626 పాటలను డెన్మార్క్ పరిశోధకుల బృందం విశ్లేషించి 2023లో ఫలితాలు ప్రకటించింది. మొత్తమ్మీద అవి మామూలు పాటల కంటే మెల్లనివి, గోల తక్కువవి, వాద్యసంగీతం పాలు ఎక్కువున్నవి. ఇది ఊహించిందే. అయితే వాటి మధ్యలో బీటీఎస్ బృందం పాడిన 'డైనమైట్' లాంటి హుషారు పాటలూ తరచుగా కనిపించాయి. తెలిసిన పాటలో తరవాత ఏమొస్తుందో మెదడుకు ముందే తెలుసు, అందుకే అది జోకొడుతుంది అని పరిశోధకులు ఒక ఊహ చేశారు. ఊహ బాగుంది కానీ, ప్లేలిస్టులో పాట ఉన్నంతమాత్రాన అది విన్నవాళ్లకు నిద్రపట్టిందని ఆ లెక్క చెప్పదు.

ఇక అసలు ఆధారం సంగతి. వైద్య ప్రయోగాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ, నిద్రలేమి ఉన్న పెద్దలకు సంగీతం వినిపించిన ప్రయోగాలను 2015లో ఒకసారి, 2022లో మరోసారి సమీక్షించింది. మొదటిసారి 6 ప్రయోగాలు, 314 మంది. రెండోసారి 13 ప్రయోగాలు, 1007 మంది. రోజుకు 25 నుంచి 60 నిమిషాలు, మూడు రోజుల నుంచి మూడు నెలల దాకా రికార్డు చేసిన సంగీతం వినిపించారు. ఫలితాన్ని ఎక్కువగా పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచికతో కొలిచారు. అది 0 నుంచి 21 వరకు ఉండే ప్రశ్నావళి. మార్కులు ఎక్కువైతే నిద్ర అంత అధ్వానమన్నమాట, 5 దాటితే నిద్ర బాగాలేనట్టు లెక్క. సంగీతం విన్నవాళ్ల మార్కులు విననివాళ్ల కంటే సగటున 2.8 దాకా తగ్గాయి. ఏడేళ్ల తేడాతో జరిగిన రెండు సమీక్షల్లోనూ ఇంచుమించు ఇదే అంకె వచ్చింది. మందు లేకుండా, ఖర్చు లేకుండా వచ్చిన మార్పుగా ఇది తీసిపారేయదగింది కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మందుబిళ్ల ప్రయోగంలో ఎవరికి అసలు బిళ్ల, ఎవరికి ఉత్త బిళ్ల అందిందో రోగికి తెలియనివ్వరు. చెవిలో పాట మోగుతోందో లేదో వినేవాడికి తెలియకుండా ఎలా దాస్తారు? 'నాకు సంగీత చికిత్స చేస్తున్నారు' అని తెలిసినవాడు ప్రశ్నావళిలో 'బాగా పడుకున్నా' అని రాయడంలో సంగీతం వాటా ఎంత, ఆశ వాటా ఎంత అన్నది ఆ కాగితం చెప్పలేదు. అందుకే తలకు తీగలంటించి రాత్రంతా మెదడు తరంగాలను నమోదుచేసే పాలిసోమ్నోగ్రఫీ పరీక్షను ఆశ్రయించాలి. 2019లో డెన్మార్క్‌లోనే నిద్రలేమి రోగులు 57 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు మూడు వారాలు సంగీతం, ఇంకో జట్టుకు ఆడియో పుస్తకం వినిపించారు. మూడో జట్టును ఏమీ ఇవ్వకుండా వేచి ఉంచారు. సంగీతం విన్నవాళ్లు నిద్ర మెరుగుపడిందన్నారు, రోజు బాగా గడుస్తోందన్నారు. మెదడు తరంగాల రికార్డులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు.

నాన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. నిద్ర తొలి దశల్లో ఉన్నవాళ్లను ప్రయోగశాలలో తట్టి లేపి అడిగితే, యంత్రం 'నిద్ర' అని గీస్తున్నా చాలామంది 'నేను మెలకువగానే ఉన్నాను' అంటారు. నిద్రలేమితో బాధపడేవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. నాన్న అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో ఆయన వింటూనే ఉన్నారు.

అలాగని యంత్రం చెప్పిందే నిజం, మనిషి చెప్పింది భ్రమ అని తేల్చేయడం తొందరపాటు. నిద్రలేమి అనే జబ్బును డాక్టర్లు గుర్తించేదే రోగి చెప్పే బాధను బట్టి. బాధ తగ్గిందని రోగి అంటే జబ్బులో కొంత భాగం తగ్గినట్టే. నా అంచనా ఇది: పడుకునే ముందు సంగీతం వింటే నిద్ర బాగున్నట్టు అనిపిస్తుందనడానికి ఆధారం ఓ మోస్తరు గట్టిగానే ఉంది. నిద్ర నిర్మాణమే మారుతుందనడానికి ఆధారం పలచన. ఈ రెండు వాక్యాల్ని ఒకటిగా కలిపి అమ్మే యాప్‌లను నమ్మబుద్ధి కాదు.

ఆశ వాటాను కొంతైనా తీసేసే దారి ఒకటుంది. సంగీతాన్ని మౌనంతో కాకుండా మరో శబ్దంతో పోల్చడం. 2008లో హంగరీలో నిద్ర సరిగా లేని 94 మంది విద్యార్థుల మీద ఆ పని చేశారు. 19 నుంచి 28 ఏళ్లవాళ్లు. కొందరికి రోజూ రాత్రి 45 నిమిషాలు శాస్త్రీయ సంగీతం, కొందరికి ఆడియో పుస్తకం, కొందరికి ఏమీ లేదు. మూడు వారాల తరవాత సంగీతం విన్నవాళ్లే ముందున్నారు, కథలు విన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. చెవిలో ఏదో ఒకటి మోగుతుంటే చాలు అనే వాదానికి ఇది ఎదురు సాక్ష్యం. ఇక్కడా కొలత మళ్లీ ప్రశ్నావళే.

అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కలిన్ బృందం 2021లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ప్రచురించిన పని నన్ను ఎక్కువగా ఆపింది. పాట ఆగిపోయాక కూడా తలలో తిరుగుతూ ఉండటం అందరికీ అనుభవమే. 199 మందిని సర్వే చేస్తే, సంగీతం ఎక్కువగా వినేవాళ్లకే ఈ బెడద ఎక్కువని, అది తరచుగా ఉన్నవాళ్ల నిద్ర అంత బాగాలేదని తేలింది. తరవాత 50 మందిని ప్రయోగశాలకు పిలిచి, పడుకునే ముందు బాగా పేరున్న మూడు ఇంగ్లిష్ పాటలు వినిపించారు. కొందరికి గాయకుల గొంతుతో, కొందరికి వాద్యాల మీద మాత్రమే. మాటలున్న పాటే తలలో తిరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఫలితం తలకిందులైంది. మాటల్లేని వాద్యరూపమే ఎక్కువగా తలలో తిష్ఠవేసింది. అలా పట్టుకున్నవాళ్లకు నిద్రపట్టడం కష్టమైంది, రాత్రి మెలకువలూ పెరిగాయి. ఈసారి ఈ సంగతి చెప్పింది ప్రశ్నావళి కాదు, యంత్రం.

మన ఇళ్లలో నిద్ర కోసం పెట్టుకునేది ఎక్కువగా వేణువు మీదో వీణ మీదో వాయించిన పాత సినిమా పాటలే. ఆ పాటల సాహిత్యం మనకు కంఠతా వచ్చు. వేణువు రాగం అందిస్తుంటే మాటలు మనసే అందిస్తుంది, చరణం మధ్యలో ఒక మాట గుర్తురాకపోతే దాన్ని వెతుక్కుంటూ పడుకుంటాం. స్కలిన్ ప్రయోగం తెలుగు పాటలతో చేసింది కాదు, కాబట్టి దాన్ని యథాతథంగా ఇటు అన్వయించలేను. అయితే మాటల్లేవు కాబట్టి మంచిదే అనే ధీమా మాత్రం ఇక చెల్లదు. విన్న పాట కంటే విననిది మేలేమో.

రాగాల సంగతీ ఇక్కడే చెప్పాలి. నీలాంబరి వింటే నిద్రపడుతుందన్నది కర్ణాటక సంగీతంలో తరతరాల నమ్మకం. త్యాగరాజు 'ఉయ్యాలలూగవయ్య' కూర్చింది ఆ రాగంలోనే. 1998లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ అండ్ ఫార్మకాలజీలో నీలాంబరికీ నిద్ర నిర్మాణానికీ ఉన్న సంబంధం మీద ఒక పరిశోధన పత్రం వచ్చింది. నమ్మకాన్ని ప్రయోగశాల దాకా తీసుకెళ్లడమే మెచ్చుకోవలసిన పని. కానీ ఇలాంటి ప్రశ్న ఒక్క పత్రంతో తేలేది కాదు. నీలాంబరిని మనం వినేదే విలంబంలో, మెత్తని గొంతుతో, చాలాసార్లు అమ్మ ఒళ్లో. పనిచేసింది రాగమా, కాలమా, ఒడా? పైగా త్యాగరాజు 'జోజో రామ' రీతిగౌళలో ఉంది. జోలపాటకు ఒకే రాగమని ఆయనా అనుకోలేదు.

పసిపిల్లల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ చిక్కును కొంత విప్పుతుంది. హార్వర్డ్ పరిశోధకులు 144 మంది అమెరికా శిశువులకు వాళ్లెన్నడూ వినని భాషల జోలపాటలు, జోల కాని పాటలు వినిపించి 2021లో ఫలితాలు ప్రకటించారు. జోలపాట నడుస్తున్నప్పుడు గుండె వేగం ఎక్కువగా తగ్గింది. భాష తెలియకపోయినా, పాడేది అమ్మ కాకపోయినా, జోలలో ఏదో ఉంది. అయితే వాళ్లు కొలిచింది నెమ్మదించడాన్నే, నిద్రను కాదు.

ఇక నాన్న రెండో ప్రశ్న. దీనికి సంగీతంతో పనిలేదు, మన సీలింగ్ ఫ్యాను చాలు. డిసెంబరులో దుప్పటి ముసుగుపెట్టి మరీ ఫ్యాను వేసుకునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో నేనే. గాలి కోసం కాదు, ఆ చప్పుడు కోసం. కరెంటు పోయి ఫ్యాను ఆగగానే, ఉక్కపోత మొదలవకముందే, మెలకువ వచ్చేస్తుంది. 2005లో ఐసీయూ గదుల చప్పుళ్లను రికార్డుచేసి, ఆరోగ్యవంతులను నిద్రపుచ్చి వినిపించిన ఒక అమెరికా అధ్యయనం దీనికి దగ్గరి వివరణ ఇస్తుంది. ఐసీయూ చప్పుళ్లు ఒంటరిగా వచ్చినప్పుడు మెలకువలు బాగా పెరిగాయి. అవే చప్పుళ్లకు కింద వైట్ నాయిస్ అనే ఎడతెగని హోరును కలిపితే దాదాపు మామూలు స్థాయికి దిగాయి. నిద్ర చెదిరేది శబ్దం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు, అప్పటిదాకా ఉన్న నేపథ్యం కంటే ఎంత పైకి లేచిందన్న దాన్ని బట్టి అని వాళ్ల నిర్ధారణ. పాల్గొన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఫ్యాను ఆగితే ఆ అడుగు ఊడిపోతుంది, వీధికుక్క ఒక్కసారిగా పెద్దదైపోతుంది. యూట్యూబులో వేణుగానం మధ్య హఠాత్తుగా అరిచే ప్రకటన చేసేదీ ఇదే.

2021లో న్యూయార్కులో రోడ్డు గోలతో నిద్రలేనివాళ్లు పదిమందికి ఇళ్లలోనే వైట్ నాయిస్ పెట్టి చూస్తే, నిద్రపట్టాక మేలుకుని గడిపే సమయం తగ్గింది. పదిమందే, పోల్చడానికి వేరే జట్టు లేదు. అదే ఏడాది వచ్చిన ఒక సమీక్ష 38 పరిశోధన పత్రాలను కలిపి చూసి, నిద్రకు నిరంతర శబ్దం మేలు చేస్తుందనడానికి ఆధారం నాణ్యత చాలా తక్కువంది. కొందరికి అది నిద్ర చెడగొట్టవచ్చు కూడా అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడకగదికి సూచించింది 30 డెసిబెల్స్. నివాస ప్రాంతాల్లో రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా మన చట్టం అనుమతించే హద్దు 45. మెయిన్‌రోడ్డు పక్క ఇంట్లో బయటి గోలను కప్పాలంటే లోపలి చప్పుడు 30ని దాటక తప్పదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రం కప్పడానికేమీ లేదు, ఊరికే చప్పుడు చేర్చినట్టవుతుంది.

ఉయ్యాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1990లో ఇంగ్లండులో, పుట్టి వారం కూడా దాటని 40 మంది శిశువులను రెండు సమాన జట్లు చేసి చూస్తే, వైట్ నాయిస్ విన్న 20 మందిలో 16 మంది అయిదు నిమిషాల్లో నిద్రపోయారు, విననివాళ్లలో 5 మందే. 'ష్‌ష్' అని వినిపించే ఫోన్ వీడియోల వెనక ఉన్న నమ్మకానికి ఇది గట్టి దన్ను. కానీ 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం శిశువులను నిద్రపుచ్చడానికి శబ్దం చేసే 14 యంత్రాలను కొలిస్తే, పూర్తి వాల్యూంలో 30 సెంటీమీటర్ల దూరాన అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి, మూడైతే 85 కూడా దాటాయి. ఆసుపత్రి శిశువుల గదికి సూచించే హద్దే 50. ఫోనును ఉయ్యాల్లో పెట్టడానికీ, గది అవతలి మూలన తక్కువ వాల్యూంలో పెట్టి బిడ్డ పడుకోగానే ఆపడానికీ అంత తేడా ఉంది.

నెలల తరబడి నిద్రలేనివాళ్లకు పాట మందు కాదు. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లకు మొదటి చికిత్సగా సూచించింది ఆలోచననూ అలవాట్లనూ మార్చే సీబీటీ పద్ధతిని. దానికి పక్కన పాట పెట్టుకుంటే అభ్యంతరమేమీ కనబడదు.

మా అమ్మ ఎప్పుడూ రేడియోను టక్కున కట్టేయలేదు. వంటిల్లు సర్దుకుంటూ మధ్యమధ్య వచ్చి, చక్రాన్ని వేలి కొనతో ఇంత, మళ్లీ కాసేపటికి ఇంకాస్త తగ్గించేది. చివరికి గొంతు దోమ రొదంత అయ్యాక 'టిక్' అనిపించేది. నాన్న కదిలేవారు కాదు. తెల్లారి కాఫీ తాగుతూ ఆయన మాత్రం, "రాత్రి కచేరీ చివరిదాకా విన్నాను, కన్ను మూతపడలేదనుకో" అనేవారు. అమ్మ ఏమీ అనేది కాదు.