ఇరుసు నుండి ఇంజనుకు

పూర్వం పుత్తూరు మొదలైన మన పల్లెలలో బండి ఇరుసుకు కందెన ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) విమానాల రోటరీ ఇంజనులకూ అదే వాడారు. పెట్రోలు ఆవిరికి అది సులభంగా కొట్టుకొనిపోదు.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డికోత యంత్రపు ఇంజనుతో మొదటి కార్ట్ పందెపుబండిని నిర్మించాడు. ఇట్టి రెండు స్ట్రోకుల ఇంజనులో వేరే నూనెతొట్టి ఉండదు. ఇంధనంతో కలిసివచ్చే నూనెయే బేరింగులను కాపాడాలి. అందుచేత కనెక్టింగ్ రాడ్డు చివరలలో గాడులు కోసి నూనెకు దారి చేస్తారు. ఆముదం కలిసిన నూనెలనూ వాడుతారు.

ఆముదపు అణువులోని హైడ్రాక్సిల్ భాగం లోహాన్ని అంటిపెట్టుకొంటుంది. వేడెక్కిన ఇంజనుకు ఇదే రక్ష. కాని కాలినప్పుడు అది జిగురుగా మారి పిస్టను రింగులను బిగించివేస్తుంది. అందుకే కృత్రిమ నూనెలతో కలుపుతారు. కందెన గుణదోషాలు రెండూ తెలిసినప్పుడే యంత్రానికి ఆయుష్షు.