శ్రీహరికోట యానాదులు: పూర్వీకుల జాడ

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు నుంచే యానాదులనే గిరిజనులు బతికారు. సెంటు భూమి లేనివారికి పట్టా ఉండదు. కాబట్టి ముత్తాత ఎక్కడుండేవాడో, ఏం చేసేవాడో తేల్చడం వీరి వారసులకు చాలా కష్టం. 1931 జనగణన సంపుటాల్లో కులాల సంఖ్యలే తప్ప మనుషుల పేర్లు ఉండవు.

వృత్తి జాడ అడవి లెక్కల్లో దొరుకుతుంది. 1835లో ప్రభుత్వం దీవిని స్వాధీనం చేసుకుంది. అక్కడి అడవిలో యానాదులు తేనె, మైనం, కుంకుడుకాయలు, ముషిణి గింజలు సేకరించేవారు. ఇసుక నేలలో లోతుకు దిగే సన్నటి చిరివేరును తెగకుండా తవ్వి తీసేవారు. కోరమాండల్ బట్టల ఎరుపు ఆ వేరు బెరడుదే. ఇంతటి నేర్పును కూలిపనిగా చూడడం అన్యాయం. బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ (1873), దక్షిణ భారత కులాలు, తెగలపై థర్స్టన్ సంపుటాలు (1909) యానాదుల జీవనాన్ని వర్ణిస్తాయి.

వ్యక్తి పేరు దొరికే అవకాశం పోలీసు రిజిస్టర్లలో ఎక్కువ. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద నమోదైనవారి వేలిముద్రలు తీసుకునేవారు, నివాసం మారితే తెలపాలనేవారు. అందులో పేరున్నంత మాత్రాన ఆ మనిషి దొంగ కాడు. పుట్టుకనే నేరంగా ఎంచిన చట్టమది. 1952 నాటికి దేశమంతటా రద్దయింది. సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల హక్కుల కోసం జీవితకాలం శ్రమించారు.

1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక కుటుంబాలను బయటికి తరలించారు. 2022 నుంచి ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో ఉంది. పాత కాగితాలు మాత్రం నెల్లూరు పేరుతోనే, 1953కు ముందువి మద్రాసు ప్రభుత్వ దస్త్రాల్లో వెతకాలి.