మునగకుండా మిగిలిన రైతు ఇల్లు

పశ్చిమ ససెక్స్‌లోని సింగిల్టన్ గ్రామం చెంత, వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో బేలీఫ్ అనే పేరుగల రైతు ఇల్లు ఒకటి ఉన్నది. అది రాజభవనం కాదు, కోట కాదు. కలప వలయాలను లెక్కించిన నిపుణులు ఆ ఇంటి ప్రధాన భాగం 1405-1430 మధ్య కట్టినదనీ, తక్కిన భాగం 1505-1510 ప్రాంతంలో చేర్చినదనీ నిర్ధారించారు. మొదటిది మన శ్రీనాథ మహాకవి జీవించిన కాలం. రెండవది శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం అధిష్ఠించిన కాలం.

ఆ ఇంటి సొంత ఊరు కెంట్‌లోని చిడింగ్‌స్టోన్. 1960లలో అక్కడ బౌ బీచ్ జలాశయం తలపెట్టినప్పుడు ఆ ఇంటికి ముంపు ముప్పు వచ్చింది. రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన మిత్రులు 1967లో ఈ మ్యూజియానికి పునాది వేసినది ఇటువంటి ఇండ్లను కాపాడటానికే. బేలీఫ్ ఓక్ దూలాలకు కొయ్య చీలలే బిగింపు గనుక, వాటిని ఊడదీసి, తరలించి, 1972 నాటికి మళ్లీ నిలబెట్టగలిగారు.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన తెలుగువారికి అది పూర్తిగా పరాయిదనిపించదు. తడిక అల్లి దానిపై మట్టి మెత్తిన గోడలు మన పల్లెలలోనూ ఉండేవి. నడిమి సావడిలో నేలమీదనే నిప్పు రాజేసేవారు. పొగగొట్టం లేదు, పొగ పైకప్పుదాకా లేచి మెల్లగా బయటికి పోయేది. మన మండువా లోగిలిలో నడిమి భాగం ఆకాశానికి తెరచి ఉంటుంది. వెలుతురు, గాలి, వాన అన్నీ అక్కడినుండే దిగుతాయి. అక్కడ చలి, ఇక్కడ ఎండ. రెండుచోట్లా ఇల్లంతా ఆ నడిమి చోటు చుట్టూనే అల్లుకొని ఉంటుంది.

మన నాట కూడా జలాశయాలు వచ్చాయి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల విజయపురిలో తవ్వకాలు జరిపి, కొన్ని ప్రాచీన కట్టడాలను నాగార్జునకొండ మీద పునర్నిర్మించారు. శ్రీశైలం ముంపునుండి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి చేర్చారు. ఆ శ్రమకు మనం చేతులెత్తి మ్రొక్కవలసిందే. అయితే ముంపు గ్రామాలలోని రైతుల ఇండ్లకు అటువంటి భాగ్యం కలుగలేదు. రాయిని విప్పి మళ్లీ పేర్చవచ్చును. నీట నానిన మట్టిగోడ మట్టిలోనే కలిసిపోతుంది. దేవుని ఇంటిని కాపాడుకున్నాము. ఆ దేవునికి నైవేద్యం వండి తెచ్చిన ఇంటిని కాపాడుకోలేకపోయాము.

నేడు జలాశయం రాకపోయినా మన పాత ఇండ్లు పోతూనే ఉన్నాయి. పాలివారు పంచుకోవడంవల్ల కొన్ని, తాళం పడి చెదలు పట్టి కొన్ని, కొత్త మేడలకోసం కూల్చి కొన్ని. ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఈసారి స్వగ్రామం వెళ్లినప్పుడు తాతగారి ఇంటిని టేపుతో కొలిచి పటం గీయాలి. అటక, గాదె, పంచ, వసారా, గోడగూడు, పెరటి నుయ్యి ఎక్కడెక్కడ ఉండేవో నాయనమ్మలను, అమ్మమ్మలను అడిగి ఆ పటంలో వ్రాయాలి. ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ దూలానికి ఉయ్యాల కట్టారో కూడా అడగాలి. బేలీఫ్‌ను మళ్లీ నిలబెట్టడానికి దాని దూలాలు మిగిలాయి. మన ఇండ్లకు సాక్ష్యంగా మిగిలినవారు ఆ పెద్దలే. వారు చెప్పగలిగినన్నాళ్లే ఈ పనికి గడువు.