మర్దన యంత్రమూ, రాళ్లు కొట్టే చేయీ

చరిత్ర రాజుల కథ కాదని మనం వేదికలమీద తరుచుగా అంటూ ఉంటాం. అనడం తేలికే. కాని ఒక చిన్న పనిముట్టును మన చేతికిచ్చి, దీని చరిత్ర చెప్పమని ఎవరైనా అడిగితే, మనలో చాలామందిమి రాజుల కథకంటే బలహీనమైన కట్టుకథ ఒకటి చెప్పి ఊరుకుంటాం. ఈ మాట ఎవరినో ఉద్దేశించి అనడం లేదు. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే.

కిందటి సంవత్సరం డిగ్రీ తరగతిలో పత్రికా వచన వికాసం గురించి పాఠం చెపుతూ, మందుల ప్రకటనల భాష దగ్గరికి వచ్చాను. ఆ సందర్భంలో ఇంగ్లండులో 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో అమ్ముడుపోయిన ఒక చేతి యంత్రాన్ని పేర్కొన్నాను. పిడి తిప్పితే అదిరే మర్దన యంత్రమది. తరగతి ఆసక్తిగా వింటున్నదనే ఉత్సాహంలో దాని పుట్టుక కథ కూడా చెప్పేశాను: వెనకటి రోజుల్లో హిస్టీరియా జబ్బని పేరు పెట్టి స్త్రీలకు డాక్టర్లు స్వహస్తాలతో మర్దన చేసేవారనీ, చేతులు నొప్పులు పుట్టి ఈ యంత్రం కనిపెట్టారనీ. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, "దీనికి ఆధారమేమిటి మాస్టారూ?" అని అడిగింది. నా దగ్గర ఉన్న ఆధారమల్లా ఎప్పుడో చూసిన ఒక సినిమా. ఆ మాట అక్కడ ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెపుతున్న సమాధానం.

ముందు వస్తువును చూద్దాం. జెరాల్డ్ మకౌరా అనే మనిషి 'పల్సోకాన్' అనీ, 'రక్త ప్రసారిణి' అని అర్థం వచ్చే పేరుతోనూ అమ్మిన యంత్రం ఈ జాతిలో ప్రసిద్ధమైనది. లోహంతో చేసిన చిన్న పెట్టె, పక్కన తిప్పే పిడి, అడుగున ఒంటికి ఆనించే బిళ్ల. దీనిలోని కిటుకు మన కుట్టుమిషను చూసినవారికి ఎవరికైనా అర్థమవుతుంది. పెద్ద పళ్లచక్రం చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ఉదాహరణకు పెద్దదానికి 60 పళ్లు, చిన్నదానికి 6 పళ్లు ఉన్నాయనుకుందాం. మనం సెకనుకు ఒక చుట్టు తిప్పితే లోపలి ఇరుసు నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. ఆ ఇరుసుకు నడుమ తప్పించి బిగించిన భాగం ఆ తిరుగుడును ముందుకూ వెనక్కూ కొట్టే అదురుగా మారుస్తుంది. అంతే. కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. ఇళ్లకు ఇంకా విద్యుత్తు రాని రోజుల్లో అదే దాని బలం. అదే కాలంలో 'వీడీ' అనే మరో చేతి యంత్రం అమ్ముడుపోయింది. జలుబు మొదలు అజీర్తి వరకూ దానితో కుదురుతాయని చెప్పేవారు.

ఇవి ఆకాశంనుంచి ఊడిపడలేదు. స్వీడన్‌లో లింగ్ అనే వ్యాయామ శిక్షకుడు 1813లో స్టాక్‌హోమ్‌లో ఒక కేంద్ర సంస్థను స్థాపించి, శరీర కదలికలనే చికిత్సగా బోధించాడు. అక్కడ మనిషి ఒంటిని మనిషి చేయే కదిలించేది. 1865లో అదే నగరంలో గుస్తాఫ్ జాండర్ అనే వైద్యుడు ఆ చేతుల స్థానంలో యంత్రాలను పెట్టి చికిత్సాలయం తెరిచాడు. ఆయన యంత్రాలలో కొన్నిటిని ఆవిరి యంత్రం నడిపేది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అవి ప్రపంచం దృష్టికి వచ్చాయి. వాటిమీద కూర్చోడానికి వచ్చినవారిలో పగలంతా కుర్చీలో కూర్చునే కార్యాలయాల పెద్దలూ, ధనిక కుటుంబాలవారూ ఎక్కువ. మరి మగ్గం దగ్గరా, గనిలోనూ ఒళ్లు పులిసిపోయిన కార్మికుడికి వ్యాయామ యంత్రంతో పనేముంది? ఒకే ఆవిరి శక్తి ఒక వర్గం ఒంటిని అరగదీస్తూ ఇంకొక వర్గం ఒంటికి సేవ చేసిందన్న సత్యం ఇక్కడ ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

ఇక నేను తరగతిలో చెప్పిన కథ. జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ అనే ఆంగ్ల వైద్యుడు అదిరే పరికరంతో నరాల బాధలకు చికిత్స చేసి, 1883లో దానిమీద ఒక గ్రంథం ప్రకటించాడు. నేను చెప్పిన కథలో నాయకుడు ఈయనే. కాని ఆయన స్వయంగా రాసిందేమిటి? హిస్టీరియా అనుకునే స్థితి తనను పొరపాటు పడేట్లు చేయవచ్చు కాబట్టి, ఈ పద్ధతిలో స్త్రీలకు చికిత్స చేయకుండా తప్పించుకుంటూ వచ్చానని. అంటే కథ చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకం! మరి కథ ఎక్కడిది? 1999లో రేచెల్ మేన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక పుస్తకంలో ఈ ప్రతిపాదన చేసింది. అది నాటకమైంది, సినిమా అయింది, నావంటి అధ్యాపకుల నోట పాఠమైంది. గ్రీకు, లాటిన్ ఆధారాలను ఆ పుస్తకం వాడుకున్న తీరును ప్రాచీన వైద్య చరిత్రకారిణి హెలెన్ కింగ్ 2011లో విమర్శించింది. 2018లో హాలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఆ పుస్తకం చూపిన మూలాలను ఒక్కొక్కటే తెరిచి, అవి ఆ వాదనను బలపరచడం లేదని తేల్చారు. తాను చెప్పింది ఒక ఊహా ప్రతిపాదన మాత్రమేనని మేన్స్ కూడా అన్నది. 19 సంవత్సరాలపాటు ఆ మూలాలను విప్పి చూసినవారు అరుదు. చూడకుండా వాడుకున్నవారు వేలు.

ఎందుకు నమ్మాం? పితృస్వామ్యాన్ని ఎగతాళి చేసే కథ కాబట్టి నమ్మాం. మన పక్షానికి పనికివచ్చే కథ కనక పరీక్షించలేదు. ఇది ప్రగతివాదులమైన మనకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. పైగా ఈ కథ అసలు సత్యాన్ని కప్పేసింది. 1894లో ఇంగ్లండులో నలుగురు స్త్రీలు, నర్సు పనిలోనూ మంత్రసాని పనిలోనూ ఆరితేరినవారు, శిక్షణ పొందిన మర్దన పనివారి సంఘం పెట్టుకున్నారు. మర్దన పేరుతో వేరే వ్యాపారాలు నడుస్తున్నాయని వైద్య పత్రిక గగ్గోలు పెట్టినప్పుడు తమ వృత్తి గౌరవాన్ని కాపాడుకోడానికే వారు సంఘటితులైనారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘానికి అదే మూలం. అలసిపోయిన డాక్టరు అనే కట్టుకథను మనం చెప్పుకుంటూ ఉంటే, జీతానికి చేతులు నొప్పిపుట్టేలా పనిచేసిన ఈ స్త్రీలు చరిత్రనుంచి మాయమవుతారు.

ఇక మకౌరా. ఆయన పేరుకు ముందు 'డాక్టర్' అని ఉండేది గాని, దాని వెనక వైద్య పట్టా లేదు. సభలు పెట్టి, జనం ఎదుట రోగులమీద యంత్రం తిప్పి చూపి అమ్మేవాడు. కీళ్లవాతం, పక్షవాతం, చెవుడు, ఏదైనా సరే, రక్తం సరిగా పారకపోవడమే కారణమనీ, తన యంత్రం రక్తాన్ని పారిస్తుందనీ సిద్ధాంతం. చివరికి 1914లో ఫ్రాన్సులో మోసం నేరంమీద ఆయనకు జైలుశిక్ష పడింది.

దీన్ని జనం అమాయకత్వం కింద కొట్టిపారేయడం మేధావుల అలవాటు. నేను ఒప్పుకోను. కీళ్లనొప్పి ఉన్నవాడు పనికి పోలేడు. పనికి పోనివాడికి కూలి లేదు. డాక్టరు ఫీజు ప్రతిసారీ ఇవ్వాలి, యంత్రం ఒకసారి కొంటే చాలు. అటువంటప్పుడు యంత్రం కొనడంలో అతని లెక్క తప్పలేదు, అతనికి అందిన సమాచారం తప్పు. అంతేగాక ఆ యంత్రం ఒట్టి బూటకమూ కాదు. దెబ్బ తగిలినచోట మనం చేత్తో రుద్దుకుంటాం. స్పర్శ, అదురు మోసుకుపోయే నరాల కబురు నొప్పి కబురును వెన్నుపాములో కొంత అడ్డగించగలదని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అందులోని కొన్ని అంశాలు తరవాత మారినా, మూల భావం నిలిచింది. కాబట్టి యంత్రం తిప్పినవాడికి కాసేపు ఉపశమనం కలిగి ఉంటుంది. ఆ కాసేపటి ఉపశమనాన్ని చూపించి శాశ్వతంగా నయం చేస్తానని అమ్మడంలో ఉంది మోసమంతా.

ఆ మాటను మోసింది పత్రిక. మందు ప్రకటనా, పత్రికా ఒకదాన్నొకటి పోషించుకున్న కాలమది. ఈ బంధం అన్నిచోట్లా చెడ్డదేనని అనడం అన్యాయం. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో నెలకొల్పిన అమృతాంజనం వ్యాపారమే 1908లో పుట్టిన ఆంధ్రపత్రికకు అండ. తలనొప్పి మందు తెలుగువారికి జాతీయోద్యమ పత్రికను ఇచ్చింది. కాని ప్రకటనకు హద్దు అవసరమని స్వతంత్ర భారతం కూడా గుర్తించింది. అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధిస్తూ 1954లో పార్లమెంటు చట్టం చేసింది.

ఇంతవరకు చెప్పింది సగం చరిత్ర. మిగతా సగం కోసం రాతి గనులకు పోవాలి.

ఐరోపాలో పెద్దమనుషులు అదురును డబ్బిచ్చి కొనుక్కుంటున్న ఆ సంవత్సరాలలోనే, గాలి ఒత్తిడితో కొట్టే సుత్తులు గనుల్లోకి, రాతి పనిలోకి వచ్చాయి. 1911లో ఇటలీలో లోరిగా అనే వైద్యుడు ఆ సుత్తులు పట్టే కార్మికుల వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోవడాన్ని వర్ణించాడు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కేవారిని పరీక్షించింది. చలి ఉదయాలలో వారి వేళ్లు రక్తం లేక పాలిపోయేవి, తిమ్మిరెక్కేవి. ఉలిని పట్టుకునే ఎడమచేతి వేళ్లకు బాధ ఎక్కువ. ఆ మరుసటి సంవత్సరం ఆమె హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదటి స్త్రీ అధ్యాపకురాలైంది.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒకచోట 'రక్త ప్రసారిణి' అని పేరు పెట్టి అమ్మిన అదురు, ఇంకొకచోట వేళ్లలో రక్తప్రసారాన్నే ఆపివేస్తున్నది! ఇందులో వైరుధ్యం ప్రకృతిది కాదు. పది నిమిషాలు ఒంటికి తగిలే అదురు వేరు, రోజుకు ఇన్ని గంటల చొప్పున సంవత్సరాల తరబడి చేతిలోకి దిగే అదురు వేరు. మొదటిది తాత్కాలికంగా హాయినిస్తే, రెండవది సన్నని రక్తనాళాలనూ నరాలనూ చెడగొడుతుంది. ఎవరు ఎంతసేపు ఆ అదురు కింద ఉండాలో నిర్ణయించేది పని సంబంధాలు. యంత్రం కొన్నవాడు చేయి నొచ్చితే పిడి తిప్పడం ఆపగలడు. సుత్తి పట్టినవాడు ఆపితే ఆ పూట కూలి పోతుంది.

సాక్ష్యం విషయంలో కూడా తేడా చూడండి. మకౌరా మాటకు ఏ రుజువూ అక్కరలేకపోయింది, సంవత్సరాల తరబడి అమ్ముకున్నాడు. రాతి కార్మికుల వేళ్లను 1918 నాటికే వైద్యులు పరీక్షించి రాసిపెట్టినా, తెల్లవేళ్ల జబ్బును బ్రిటను పరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధిగా అంగీకరించింది 1985లో. నడుమ 67 సంవత్సరాలు! బొగ్గుగని కార్మికులు కోర్టులో గెలిచింది 1990ల చివర. ఐరోపా దేశాలు ఎనిమిది గంటల పనిలో చేతికి ఎంత అదురు తగలవచ్చో అంకెలతో హద్దు పెట్టింది 2002లో.

ఈ విషయాలన్నీ తరగతిలో చెప్పి, నా పాత కథను వెనక్కి తీసుకున్నాను. గంట కొట్టాక అదే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల నాన్న గ్రానైటు క్వారీలో డ్రిల్లింగు మిషను పడతాడట. "చలికాలం కాకపోయినా చేతులు తిమ్మిరి అంటాడు మాస్టారూ. అన్నం ముద్ద జారిపోతుంది. వయసు మీదపడిందని ఊరుకున్నాం. ఆయనకు నలభై నాలుగే" అంది. మనవంటి వేడి ప్రాంతంలో వేళ్లు తెల్లబడడం అంతగా కనిపించదు. తిమ్మిరి, పట్టు తప్పడం కనిపిస్తాయి. కనక జబ్బుకు పేరు కూడా దొరకదు. చీమకుర్తి నల్లరాయి, కరీంనగర్ గోధుమరంగు రాయి దేశదేశాల మేడలకు గచ్చులవుతున్నాయి. ఆ రాతికి బెజ్జాలు వేసిన చేతుల సంగతి ఏ వైద్యుడు పరీక్షించి ఎక్కడ రాసిపెట్టాలి?

ఆ అమ్మాయీ, మరి ముగ్గురు విద్యార్థులూ కలిసి వచ్చే సెలవుల్లో వాళ్ల ఊరి క్వారీ కార్మికులను ఇంటింటికీ వెళ్లి అడగాలనుకుంటున్నారు: ఎన్నేళ్లనుంచి మిషను పడుతున్నారు, రోజుకు ఎన్ని గంటలు, ఏ చేతికి తిమ్మిరి, ఏ వేలికి ముందు వచ్చింది. ప్రశ్నల పట్టిక ఒకటి నాచేత రాయించుకున్నారు. వైద్యం తెలిసిన ఒక మిత్రుడికి చూపించి దిద్దించాను. ఈసారి ఆధారమేమిటని ఎవరైనా అడిగితే చూపడానికి కాగితాలు ఉంటాయి.