పెంపుడు పాము నివాసం: అమరిక, వేడి

పామును ఇంట్లో ఉంచడానికి గాజుతోనో, చెక్కతోనో, పీవీసీ పలకలతోనో కట్టి, వేడినీ తేమనూ అదుపులో పెట్టే పరికరాలు అమర్చిన పెట్టెను పాము నివాసం అంటారు. అమెరికా, ఐరోపా ఇళ్లలో విరివిగా పెరుగుతున్న పాముల్లో బాల్ పైథాన్ ఒకటి కాబట్టి ఈ వ్యాసం దాన్నే ఉదాహరణగా తీసుకుంటుంది. 1802లో జార్జ్ షా శాస్త్రీయంగా వర్ణించిన ఈ చిన్న కొండచిలువ సెనెగల్ నుంచి ఉగాండా దాకా పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లోనూ పలచని అడవుల్లోనూ బతుకుతుంది. పగలు ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాగి, రాత్రి వేటకు బయలుదేరుతుంది. ఎదిగిన పాము సాధారణంగా మీటరు నుంచి మీటరున్నర పొడవుంటుంది. సరిగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. పెట్టెలో ఎన్ని డిగ్రీల వేడి పెట్టాలన్నది కొత్తగా పెంచేవారు అడిగే మొదటి ప్రశ్న. దానికి ఒకే అంకెతో జవాబు చెబితే పాముకు అన్యాయం జరుగుతుంది. ఒకే పెట్టెలో పలు ఉష్ణోగ్రతలు ఉండాలి, వాటిలో అప్పటికి కావలసినదాన్ని పామే ఎంచుకోగలగాలి. మిగతా అమరికంతా ఈ సూత్రం నుంచే వస్తుంది.

శరీర ధర్మం

మనిషి ఒంటి వేడి తిన్న తిండి నుంచి పుట్టి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుస్తుంది. పాము ఆ పనిని చోటు మారడం ద్వారా సాధిస్తుంది. సరీసృపాల ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుందని, అందులో వాటి ప్రమేయం ఏమీ లేదని ఒకప్పుడు భావించేవారు. అమెరికా ఎడారి సరీసృపాలపై రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ 1944లో ప్రచురించిన అధ్యయనం ఆ భావనను తలకిందులు చేసింది. ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ అవి తమ ఒంటి వేడిని ఇరుకైన హద్దుల్లో నిలుపుకుంటాయని అది చూపింది. ఆ ఎంపిక కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొన్ని సరీసృపాలు తిన్న తర్వాత మరింత వెచ్చని చోటును వెతుక్కుంటాయని ఫిలిప్ రీగల్ 1966లో నమోదు చేశాడు. మాథ్యూ క్లూగర్, అతని సహచరులు 1974, 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో బాక్టీరియా సోకిన ఎడారి ఇగువానాలు మామూలు కంటే ఎక్కువ వేడి చోటుకు చేరాయి. వేడిగా ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి, చల్లగా ఉంచినవాటిలో ఎక్కువ చనిపోయాయి. ఆ బల్లికి జ్వరం తెచ్చుకోవడమంటే వేడి చోటుకు నడవడమే.

దాగే చోటు కూడా ఈ లెక్కలో భాగమే. రేమండ్ హ్యూయీ బృందం కాలిఫోర్నియాలోని గార్టర్ పాములపై చేసిన పరిశీలన 1989లో వెలువడింది. పలచని రాళ్ల కింద పగలు ప్రాణాంతకమైన వేడి, రాత్రి చలి. మరీ మందమైన రాళ్ల కింద ఎప్పుడూ చల్లదనమే. పాములు ఎక్కువగా ఎంచుకున్నవి 20 నుంచి 40 సెంటీమీటర్ల మందం ఉన్న రాళ్లు. ఇగువానా మీదా గార్టర్ పాము మీదా తేలిన సంగతి బాల్ పైథాన్‌కు వర్తిస్తుందా అని అడగవచ్చు. ఏ ఉష్ణోగ్రత ఇష్టమన్నది జాతిని బట్టి మారే మాట నిజమే, కాబట్టి అంకెలను అరువు తెచ్చుకోకూడదు. అయితే జీర్ణరసాల పని, రోగనిరోధక శక్తి ఒంటి వేడి మీద ఆధారపడటం ఈ జీవులన్నిటికీ ఉమ్మడి లక్షణం. ఎంపిక కావాలన్న సూత్రానికి ఆ మాత్రం ఆధారం చాలు.

పెట్టె అమరిక

ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉండాలంటే మధ్యలో దూరం ఉండాలి. ఎదిగిన బాల్ పైథాన్‌కు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెను సూచించడానికి పాము ఒళ్లు చాపుకోవడంతో పాటు ఇదీ ఒక కారణం. పెద్ద పెట్టెలో ఈ పాము బెదిరి తిండి మానేస్తుందని కొందరి వాదన. అలా జరిగే పెట్టెలను చూస్తే చాలావరకు లోపం వైశాల్యంలో ఉండదు, మరుగు లేకపోవడంలో ఉంటుంది. బొరియల్లో బతికే జీవిని నాలుగు గాజు గోడల మధ్య బట్టబయలు నేల మీద వదిలితే బెదరక ఏం చేస్తుంది? ఒంటికి ఆనుకునేంత ఇరుకైన గూడు ఒకటి వేడి వైపు, అలాంటిదే ఒకటి చల్లని వైపు పెట్టాలి. గూడు ఒక వైపే ఉంటే పాము భద్రతకూ తగిన వేడికీ మధ్య ఒకదాన్ని వదులుకోవలసి వస్తుంది. భయపడే పాము భద్రతనే పట్టుకుని చలిలో ఉండిపోతుంది. నేల మీద కొబ్బరి పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. దేవదారు జాతి చెక్క పొట్టు నుంచి వెలువడే ఆవిరి పాములకు హానికరం కాబట్టి వాడకూడదు. గాలిలో తేమ సుమారు 60 శాతం ఉండాలి. అది తగ్గితే కుబుసం ఒకే తొడుగులా ఊడకుండా ముక్కలుముక్కలుగా ఒంటికి అంటుకుపోతుంది. పైన జాలీ మూత ఉన్న గాజు తొట్టి నుంచి వేడీ తేమా రెండూ త్వరగా పోతాయి. ముందు వైపు తలుపులున్న పీవీసీ పెట్టె రెంటినీ మెరుగ్గా నిలుపుతుంది.

వేడి పరికరాలు

బాల్ పైథాన్‌కు వేడి వైపు ఉపరితలం 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 24 నుంచి 27 డిగ్రీలు ఉండేలా చూస్తారు. పగటి వేడికి హాలోజన్ దీపం, రాత్రి వెలుగు లేని వేడికి సిరామిక్ హీటర్ లేదా పైకప్పుకు బిగించే రేడియంట్ ప్యానెల్, కింది నుంచి వెచ్చదనానికి హీట్ మ్యాట్ వాడుకలో ఉన్నాయి. రాత్రంతా ఎర్ర బల్బు వెలిగించే అలవాటు పాముకు చీకటిని దూరం చేస్తుంది కాబట్టి మంచిది కాదు. దీపమైనా సిరామిక్ హీటరైనా ఎక్కి చుట్టుకోవడానికి వీల్లేకుండా జాలీ ఉండాలి. సిరామిక్ హీటర్‌కు పింగాణీ హోల్డర్ తప్పనిసరి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది.

ఇక అసలు పరికరం థర్మోస్టాట్. హీటర్ వాటేజీ పెట్టె ఉష్ణోగ్రతను నిర్ణయించదు. గది కంటే పెట్టె ఎంత వేడెక్కుతుందో నిర్ణయిస్తుంది. గది 22 డిగ్రీలున్నప్పుడు పెట్టెను 32కు చేర్చిన హీటర్, గది 30కి చేరిన రోజున దాదాపు 40కి చేరుస్తుంది. థర్మోస్టాట్ తన తీగ చివరి సెన్సర్‌ను బట్టి కరెంటును తగ్గిస్తూ, ఆపుతూ ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది. సెన్సర్ చోటు తప్పితే థర్మోస్టాట్ ఉండీ లేనట్టే. పాము కదిలించి చల్లని మూలకు నెట్టితే హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. కాబట్టి దాన్ని కదలకుండా బిగించాలి. హీట్ మ్యాట్‌ను పెట్టె అడుగు బయట, మూడో వంతుకు మించకుండా అతికిస్తారు, సెన్సర్‌ను మ్యాట్‌కూ అడుగుకూ మధ్య ఉంచుతారు. పైన కొబ్బరి పొట్టు మందంగా ఉంటే వేడి పైకి రాక అడుగు కాగిపోతుంది. పాము తవ్వుకుంటూ వెళ్లి నేరుగా దాని మీదే పడుకుంటుంది. రెండు వైపులా డిజిటల్ థర్మామీటర్లు పెట్టి రోజూ చూడాలి.

అభ్యంతరాలు

పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలున్న పాము కాలుతున్న చోటి నుంచి తప్పుకోదా అన్నది తరచూ వినిపించే ప్రశ్న. ఆ గుంటలు వెచ్చని ఎరను దూరం నుంచే గుర్తించడానికి పనికొస్తాయి. పొట్ట కింద చర్మాన్ని అవి కాపాడవు. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్ల మీద పడుకుని పొట్ట కాలిన పాములు పశువైద్యులకు కొత్త కాదు. పెట్టెంతా చల్లగా ఉండి ఒక్క బిందువే వేడిగా ఉన్నప్పుడు పాముకు మరో దారి లేదు, దాన్నే అంటిపెట్టుకుంటుంది. అంటే అక్కడ కూడా అసలు లోపం ఎంపిక లేకపోవడమే. వాణిజ్య పెంపకందార్లు అరల్లాంటి ఇరుకు డబ్బాల్లో పెంచినా పాములు గుడ్లు పెడుతున్నాయి కదా అన్నది ఇంకా బలమైన వాదన. గుడ్లు పెట్టడం పాము బతికి ఉందనడానికి, తింటోందనడానికి రుజువు. బాగా ఉందనడానికి అదొక్కటే చాలదు. పైగా ఆ డబ్బాల్లోనూ వెనక వైపు మాత్రమే వేడి పట్టీ వేసి ముందు వైపు చల్లగా వదిలే పద్ధతి ఉంది. ఒకే ఉష్ణోగ్రత చాలదని పెంపకందార్లు ఆచరణలో ఒప్పుకున్నట్టే.

మనలాంటి వేడి ప్రాంతంలో ఈ హంగామా దేనికనే మాటకూ సమాధానం ఉంది. హైదరాబాద్‌లో మే నెల పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, శీతాకాలపు రాత్రి 15కు దిగువకు జారుతుంది. మొదటిది పాము ప్రాణానికే ముప్పు, రెండోది అరుగుదలకు ఆటంకం. ఇక్కడ వేసవిలో కావలసింది చల్లని వైపు, చలికాలంలో కావలసింది వేడి వైపు. అమెరికాలో చలి రాష్ట్రాల ఇళ్లలో గదిని వేడి చేసే యంత్రాలు గాలిని ఆరబెడతాయి కాబట్టి అక్కడి తెలుగువారు వేడితో పాటు తేమనూ కనిపెట్టుకోవాలి.

భారతదేశంలో చట్టం

దేశీయ పాములను పట్టి పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు; నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ అన్నీ ఆ రక్షణలోనివే. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ సైటిస్ జాతులను చట్టపు నాలుగో షెడ్యూలులో చేర్చింది; అలాంటి జంతువులు ఉన్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వెలువడ్డాయి. చట్టబద్ధంగా పామును పెంచదలచినవారు ముందు పెట్టె కొనాలి, థర్మోస్టాట్ బిగించి, రెండు వైపుల ఉష్ణోగ్రతలు కొన్ని రోజుల పాటు నిలకడగా ఉన్నాయని చూసుకోవాలి. పామును ఇంటికి తేవడం ఆ తర్వాతే.