కాపరి మాటలో ఆజ్ఞ లేదు

కొండపల్లి ఖిల్లా దారిలో మొన్నొక ఫ్లెక్సీ మీద ‘పాస్టర్‌గారి ఆజ్ఞ మేరకు’ అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. పాస్టర్ అన్న మాటలో ఆజ్ఞ లేదు, మేత ఉంది. లాటిన్‌లో ‘పాస్కెరె’ అంటే మేపడం, మేపేవాడే పాస్టర్. ఎఫెసీ పత్రిక 4:11లో ఆ పనికి తెలుగు బైబిలు ఎంచుకున్న మాట ‘కాపరి’. ‘కాచు’ దానికి తల్లి. కాపలా, కావలి, కాపుదల తోబుట్టువులు. ఇంగ్లిషు మిషనరీల వెంట వచ్చిన పాస్టరు మన నోట ‘అయ్యగారు’ అయ్యాక మర్యాద పెరిగింది, మేత మరుగున పడింది. అపొస్తలుల కార్యములు 20లో పెద్దలన్నా అధ్యక్షులన్నా మందను కాసే ఆ మనుషులే. బాప్టిస్టుల పద్ధతిలో కాపరిని పిలుచుకునేది సంఘమే, లెక్క అడగాల్సిందీ సంఘమే. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతపు గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని. పెత్తనం పంచుకున్న చరిత్ర మనది. వాక్యం బోధించడం, రోగిని పలకరించడం, తప్పిపోయినవాణ్ణి వెతకడం కాపరి హక్కులు. మంద మాత్రం ఆయన సొత్తు కాదు. పాస్టరుగారిని గౌరవించండి, ఆ మాట అర్థాన్ని కూడా గౌరవించండి.