పశువుల క్యాన్సర్ చికిత్స: మానవ వైద్యానికి తోడ్పడిన తీరు

పశువులకు, పెంపుడు జంతువులకు సహజంగా వచ్చే క్యాన్సర్‌ను నయం చేస్తూ, అక్కడ తెలిసిన సంగతులను మనుషుల వైద్యానికి వాడుకునే శాఖను తులనాత్మక క్యాన్సర్ విజ్ఞానం అంటారు. ప్రయోగశాల ఎలుకకు సాధారణంగా కణితిని ఎక్కిస్తారు. ఇంటి కుక్కకు అది వయసు మళ్లాక, యజమాని పీల్చే గాలే పీలుస్తుండగా దానంతట అదే పుడుతుంది. కుక్క ఆయుష్షు తక్కువ కాబట్టి మందు ఫలితం త్వరగా తేలుతుంది.

కుక్కలు జతకట్టేటప్పుడు కణాలే నేరుగా అంటుకునే జననాంగ కణితి అత్యంత ప్రాచీనం. 43 దేశాల నుంచి సేకరించిన 546 కణితులను పరిశీలించిన 2019 నాటి అధ్యయనం, ఇది 4,000 నుంచి 8,500 ఏళ్ల కిందట ఒకే కుక్కలో పుట్టిందని అంచనా కట్టింది. 1876లో రష్యన్ పశువైద్యుడు నొవిన్‌స్కీ ఒక కుక్క కణితిని మరో కుక్కకు అంటించి చూపాడు. 

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరుకు ఈ చరిత్రలో గౌరవస్థానం ఉంది. దాని నుంచి 1958లో కెనడాలో శాస్త్రవేత్తలు నోబుల్, బీర్ విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరుచేశారు. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే ఈ మందునే పశువైద్యులు ఊరకుక్కల జననాంగ కణితికి వారానికో ఇంజెక్షన్‌గా ఇస్తారు. చాలా కుక్కల్లో కొద్ది వారాల్లోనే కణితి కరిగిపోతుంది.

ఎముక మూలుగ మార్పిడి కథలో తెలుగువారి పాత్ర విశిష్టమైనది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ సంస్థ బృందం 1940లలో మెథోట్రెక్సేట్ అనే మందును రూపొందించింది. మనుషుల్లో తొలి మూలుగ మార్పిడులు విఫలం కాగా అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1960లలో మళ్లీ కుక్కల వైపు మళ్లాడు. మార్పిడి చేసిన మూలుగ గ్రహీత శరీరంపైనే దాడి చేయకుండా మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుందని అక్కడే రుజువైంది. ఇవి పెంపుడు కుక్కలు కావు, ప్రయోగశాలవి. థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి దక్కింది.

1980లలో ఎముక క్యాన్సర్ వచ్చిన పెంపుడు కుక్కలపై పశువైద్యుడు మెకీవన్ పరీక్షించిన మిఫామర్టైడ్ అనే మందు, తర్వాత పిల్లలపై పరీక్షలు దాటి 2009లో ఐరోపా అనుమతి పొందింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2003లో తులనాత్మక కార్యక్రమం మొదలుపెట్టింది. 2005లో ‘తాషా’ అనే బాక్సర్ కుక్క జన్యుక్రమం వెలువడింది. కుక్కల నోటి మెలనోమా టీకాకు 2007లో తాత్కాలికంగా, 2010లో పూర్తిగా లైసెన్సు వచ్చింది.

మెట్ట సేద్యం ఎడ్ల మీద నడిచిన దక్షిణ తెలంగాణ రైతుకు మరింత దగ్గరిది కొమ్ము క్యాన్సర్. ఇది ఎక్కువగా భారతదేశపు పశువుల్లోనే, అందులోనూ విత్తులు కొట్టిన ఎడ్లలో కనిపిస్తుంది. కాడి రాపిడి, కొమ్ములు చెక్కడం, ఎండ, హార్మోన్ల లోపం కారణాలై ఉండవచ్చని అనుమానిస్తారు. కణరీత్యా ఇది మనుషుల నోటి క్యాన్సర్‌లో అధిక భాగానికి చెందిన రకమే. కొమ్ము మొదలంటా తీసివేయడం ప్రధాన చికిత్స. బిళ్ళగన్నేరు మందులనూ వాడుతున్నారు.   ఎద్దు తరచూ తల విదిలించడం, ఒక కొమ్ము వాలిపోవడం, ఆ వైపు ముక్కు నుంచి రక్తం కారడం ఈ వ్యాధి ముఖ్య లక్షణాలు.